మూడిళ్లు తిరిగిన గుడ్డు

కోడిగుడ్డు చేతిలోకి తీసుకుంటే నాకు ఇప్పటికీ మా ప్రొఫెసరు గారే గుర్తొస్తారు. తిరిగి బుట్టలో పెట్టేస్తాను. పాపం, గుడ్డు తప్పేమీ లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు హైదరాబాదులో పోషకాహారం మీద ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఎవరేం తింటున్నారో వాళ్ల వంటింట్లోనే తూచి రాసుకోవడం నా పరిశోధన. హుస్నాబాద్ దగ్గర ఒక ఊళ్లో మగ్గాల వాడకు సారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. తిండి చాలడం లేదని మా లెక్కల్లో తేలితే ఆ వాడ పిల్లలకు సర్కారు పాలపొడి ఇస్తుంది. ఆ సంగతి మాత్రం వాడలో చెప్పొద్దని సారు ఆజ్ఞ. చెబితే జనం తిండి దాచేస్తారట! ఊరికే తిండి చూడడానికి పెద్దవాళ్లు వస్తున్నారని ముందురోజు దండోరా వేయించారు. అదే కొంప ముంచింది.

మొదటి ఇంట్లో రాట్నం మీద నూలు కండెలు చుట్టే ఒకామె, ఆమె ఒళ్లో పుల్లల్లాంటి కాళ్లతో ఒక పిల్ల. ఆమె సన్నబియ్యం, కందిపప్పు, ఒక గుడ్డు తెచ్చి నా ముందు పెట్టింది. తూచాను, వాళ్ల మాటలో జోకాను. గుడ్డు మీద పేడ మరక ఉంది. మూడో ఇంట్లో మళ్లీ అదే గుడ్డు, అదే మరక. నేను కరీంనగర్ పిల్లనే, జొన్నరవ్వ ఉడికించిన గట్క తినే ఇళ్లు నాకు తెలియనివి కావు. వెనక్కి వెళ్లి మొదటి ఇంటామెను అడిగాను.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఇంటికొచ్చినోల్ల ముంగట గట్క జోకిస్తరా బిడ్డా? ఇజ్జత్ పోదా? ఇంటింటికీ అడుక్కచ్చినం."

పరుగున వెళ్లి సారుకు చెప్పాను. నూలుకు పట్టించే గంజి వాసన పడదని ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని గడప బయటే నిలబడ్డారు. చెప్పకుండా ఇంకోరోజు వచ్చి మళ్లీ తూచుదామని బతిమాలాను.

"గుడ్డు గుడ్డే కదమ్మా. కంటికి కనిపించింది రాయి. ఢిల్లీ సభకు పేపరు పంపాలి, ఎండ కూడా ముదురుతోంది."

ఆ అడుక్కొచ్చిన బియ్యమే వండి ఆమె మాకు విస్తళ్లు వేసింది. సారు ఒక్క మెతుకు ముట్టలేదు. ఏమీ తినకుండానే, ఆమె చూస్తుండగానే, తన ఫ్లాస్కులో నీళ్లతో చేతులు కడుక్కున్నారు. అంత అసహ్యం నాకు జన్మలో ఏ మనిషి మీదా కలగలేదు. ఆయనకేమో ఢిల్లీలో చప్పట్లు కొట్టారు.

సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఒంటరిగా ఆ వాడకు వెళ్లాను. పిల్ల ఇంకా ఒళ్లోనే ఉంది, నడక రాలేదు.

"పక్కూరోల్లకు పాలపొడి అచ్చింది, మాకు రాలే. ఎందుకు బిడ్డా?"

జరిగిందంతా చెప్పాను. ఆమె రాట్నం ఆపి నా వైపు తిరిగింది.

"పాలకోసమని ఒక్క మాట చెప్తే గట్కనే జోకిస్తుంటి గద. గా గుడ్డు సంగతి మీ సారుకు ఎరుకేనా?"

"ఎరుకే," అన్నాను.

ఆమె పిల్లను నా ఒళ్లో పెట్టి లేచింది. గడప దాటి, ఆరోజు సారు రుమాలు కట్టుకుని నిలబడ్డ చోట తుపుక్కున ఉమ్మేసి వచ్చి, మళ్లీ రాట్నం ముందు కూర్చుంది.