చెవుల్లో దూది

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. అమ్మ మాట నాయనకు, నాయన మాట అమ్మకు చేర్చడం. ఇద్దరి మధ్యా దూరమంటారా, నాలుగడుగులు. ఆనేకల్‌లో మాది మగ్గం ఇల్లు. నాయన మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీర నేసేవాడు, అమ్మ అదే గదిలో గోడవార కూర్చుని రాట్నం మీద దారం చుట్టేది. అయినా "ముద్ద చల్లారిపోతా ఉండాదని మీ నాయనకు చెప్పు" అనేది అమ్మ. "వస్తానని చెప్పు" అనేవాడు నాయన. ఎప్పుడు మొదలైందో తెలీదు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. ఊరికే మాట్లాడుకోవడం మానేశారు. ఆరేళ్ళవాణ్ణి, నేను లేకపోతే ఈ ఇల్లు నడవదని గర్వంగా తిరిగేవాణ్ణి.

ఒకరోజు అమ్మ, తన తమ్ముడి పెళ్ళికి అందరం నాలుగు రోజులు ముందే వెళ్దామా అని అడిగి రమ్మంది. "ఈ చీర మగ్గం దిగనీ, చూద్దామని చెప్పు" అన్నాడు నాయన. బయట పిల్లలు గోలీలాటకు కేకలేస్తున్నారు. అంత పొడుగు మాట ఎవడు మోస్తాడు? "వద్దంట" అనేసి వీధిలోకి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి అమ్మ పెట్టెలోంచి తన చీరలు తీసి మూట కడుతోంది. పెళ్ళికి వెళ్ళే మనిషి మంచి చీరలు తీసుకుంటుంది. ఆమె చిరుగుచీరలు కూడా పెట్టుకుంటోంది. ఆ సంగతి నాయనకు చెప్పలేదు. చెప్పమని నన్నెవరూ పంపలేదు గదా.

ఆ సాయంత్రం పక్కింటి అవ్వ వచ్చింది. ఎవరూ పిలవలేదు. నన్ను తన ఇంటికి లాక్కెళ్ళి, రెండు చెవుల్లో గోరువెచ్చని వెల్లుల్లి నూనె చుక్క వేసి దూది కూరింది. "నీకు చెవిపోటు. మూడు దినాలు ఏమీ వినపడదు. తెలిసిందా?" నొప్పి లేదంటే నెత్తిన మొట్టింది. మళ్ళీ మా ఇంటికి తెచ్చి, మగ్గానికీ రాట్నానికీ మధ్య కూర్చోబెట్టి, "వీనికి చెవులు పనిచెయ్యవు, వీనితో ఏమీ చెప్పబాకండి" అంది. తను ఒలవాల్సిన అనపకాయల గంప పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది.

అమ్మ "మీ నాయనకు..." అని మొదలుపెట్టి, నా చెవుల వైపు చూసి ఆగిపోయింది. నేను పైకప్పు చూస్తూ కూర్చున్నాను. అవ్వ నాలుగు గుప్పెళ్ళు ఒలిచాక దూదిలోంచే మొదటి మాట విన్నాను. ప్రేమ మాటేం కాదు.

"నా తమ్ముని పెండ్లికి పోవద్దనేదానికి నేనేం తప్పు జేసినా?"

"నేనెప్పుడు వద్దంటి? చీర దిగినాక చూద్దామంటి గదా!"

ఇద్దరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. నేను చెవిటివాణ్ణి, నాకేం తెలుసు?

అవ్వ తీర్పు చెప్పలేదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి ఒళ్ళో కాయలు పోసి ఒలవమనేది. అలా మూడు సాయంత్రాలు. మధ్యలో నాయనకు రోషం వచ్చింది. "మేమేం కొట్టుకుంటా ఉండామా అవ్వా, నువ్వొచ్చేదానికి?" అన్నాడు. "కొట్టుకునింటే వీధంతా వచ్చింటాది గదప్పా. నెల దినాల్నుంచి మీ ఇంట్లో ఈ పిల్లోని గొంతొక్కటే వినపడతా ఉండాది. దానికే వచ్చినా" అంది ఆమె. మూడో రోజు అమ్మ మూట విప్పి, చిరుగుచీరలు మళ్ళీ పెట్టెలో పెట్టింది.

ఇప్పుడు బెళ్ళందూరులో మా అబ్బాయి ఫ్లాటులో ఉంటున్నాను. పోయిన నెల ఆరేళ్ళ మనవరాలు హాల్లోకి వచ్చి, "డాడీ, పాలు అయిపోయాయంట, మమ్మీ చెప్పమంది" అంది. మమ్మీ వంటగదిలో కనిపిస్తూనే ఉంది. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. మొగుడూ పెళ్ళాల చేత మాట్లాడించే కౌన్సిలర్లని ఉంటారట, ఇప్పుడే వెళ్ళండ్రా అంటే, "మేమేమైనా కొట్టుకుంటున్నామా అప్పా?" అన్నాడు మా అబ్బాయి. మా నాయన మాటే! ఒళ్ళు మండింది. కారును కొన్న నెలకే సర్వీసింగుకు తీసుకెళ్తారు, ఎక్కడో గుద్దేదాకా ఆగరే! మనుషుల దగ్గరికొచ్చేసరికి లాయరు నోటీసు చేతికందాలా? బడికి నాలుగేళ్ళే వెళ్ళి, మిగతాదంతా సొంతంగా చదువుకున్న నాకు తెలిసింది, ఇంత చదివిన వీళ్ళకు తెలియదా? అరిచాను. ఈ వయసులో అరుపు కూడా ఎంతోసేపు సాగదు.

అందుకే సాయంత్రాలు మనవరాల్ని కింద పార్కుకు తీసుకెళ్తున్నాను, ఇంట్లో మాట మోసే మనిషి లేకుండా. మొన్న పైకి వస్తే ఇద్దరి గొంతులూ తలుపు బయటికి వినపడ్డాయి. బెల్లు కొట్టకుండా పాపను పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను.

నిన్న కోడలు నా దగ్గరికొచ్చింది. "శనివారం పదింటికి కౌన్సిలర్ దగ్గర టైం తీసుకున్నాను మామయ్యా. ఆయనకు చెప్తారా?"

డెబ్బై ఏళ్ళు దాటాయి. అయినా ఎవరైనా ఇలా అడిగితే నా చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్తుంది, వెల్లుల్లి నూనె వాసన ముక్కుకు తగులుతుంది. "నాకు చెవిపోటమ్మా" అన్నాను. ఆమె తనే వెళ్ళి మావాడి గది తలుపు తట్టింది.