కొత్త కారులో కల్లు వాసన

కొత్త కారు కొని, నెల తిరక్కముందే దాన్ని కల్లు దుకాణం చేసిన మొనగాణ్ణి నేను. అదీ మద్యం పేరెత్తితేనే జనం చుట్టూ చూసుకునే షార్జాలో! కారు కంపెనీని తిట్టాను, షోరూమును తిట్టాను, సర్వీస్ సెంటర్ గోడల్ని కూడా తిట్టాను. తిట్టకుండా వదిలింది ఒక్కణ్ణే. అసలు దొంగ వాడే. నవ్వుకోవాలంటే ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత ఊపిరాడకపోతే నా పూచీ లేదు.

అప్పట్లో నా ఉద్యోగం దుబాయ్ జెబెల్ అలీలో, కాపురం షార్జా అల్ నహ్దాలో. జగిత్యాల నుంచి మా ఆవిడ లావణ్యను తీసుకొచ్చేటప్పుడు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. "దుబాయ్ పోయినోళ్లు తాగుడు నేర్చుకుంటరట. ఒక్క చుక్క ముట్టినా నేను మళ్ల విమానమెక్కుత." సరేనన్నాను. మాట తప్పలేదు కూడా. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కొన్నాళ్లపాటు దీన్ని నమ్మిన మనిషి లోకంలో నేనొక్కణ్ణే.

ముక్కుల మీంచి మాస్కులు దిగిన ఏడాది వేసవిలో కారు కొన్నాను. మాస్కులే ఉండుంటే ఈ గొడవే ఉండేది కాదు. ఊళ్లో అయితే కారును గుడి ముందు పెడితే మిగతాది పంతులుగారు చూసుకుంటారు. ఇక్కడ బిల్డింగ్ వెనక పార్కింగ్‌లో యజమానినీ నేనే, పంతుల్నీ నేనే. పక్క ఫ్లాట్ సత్తన్న ఫోన్‌లో మంత్రాలు పెట్టాడు. నేల మీద కొబ్బరినీళ్లు పడితే ఊరుకోనని వాచ్‌మన్ ముందే హెచ్చరించాడు. నేల వద్దంటే కారు ఉంది కదా!

"రెండు చుక్కలు చల్లు తమ్మీ, చాలు," అన్నాడు సత్తన్న.

"కొత్త కారన్నా! చుక్కలతోని ఏమైతది?" అని ఐదు కాయల నీళ్లూ ముందు అద్దం మీద ధారగా పోశాను. వెనకాలే నైవేద్యం పెట్టిన బెల్లం నీళ్లు. ఆపైన గుప్పిళ్లకొద్దీ అక్షింతలు, బంతిపూల రెక్కలు. అద్దం కింద నల్లటి జాలీ ఒకటి ఉంటుంది, బయటి గాలి ఏసీలోకి వెళ్లే దారి. అంతా అందులోకే జారిపోయింది. దేవుడు ఆరగించాడనుకుని చెంపలు వేసుకున్నాను. మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు.

వారం తిరిగేసరికి ఏసీ వేస్తే చాలు, గుప్పున వాసన.

"ఏం వాసనిది?" అంది లావణ్య.

"కొత్త కారు వాసన."

"మా ఊర్ల కల్లు మండువ కాడ గిట్లనే కొడుతది," అని నా నోటి దగ్గరికొచ్చి వాసన చూసింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారట. నేను పాలు కూడా తాగలేదు, ఏసీ వేశానంతే!

సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తాను. అక్కడ కౌంటర్‌లో కడప కుర్రాడు ఇర్ఫాన్. మన భాషవాడు దొరికాడని పొంగిపోయాను. ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు.

"నార్మలన్నా. కొత్త కారు గదా."

"కొత్త కారు కల్లు వాసన కొడుతదా?"

"ఒక్కో కారు ఒక్కో రకమన్నా."

సాయంత్రం దాకా కారు ఉంచుకుని, శుభ్రంగా కడిగి, అద్దానికి మల్లెపూల సెంటు అట్ట ఒకటి వేలాడదీసి ఇచ్చారు. రిపేరు మాత్రం సున్నా. ఇంటికెళ్తే లావణ్య ముక్కు మూసుకుంది. "తాగుడే గాక, తెల్వకుండ సెంటు గూడ కొడుతుండ్రా?"

మళ్లీ వెళ్లాను. "లోపల ఫిల్టర్ ఇప్పి సూడు తమ్మీ."

"అది ఫస్ట్ సర్వీస్‌లోనే విప్పాలన్నా. మీ కారు ఇంకా అన్ని కిలోమీటర్లు తిరగలేదు. కంప్యూటర్ ఒప్పుకోదు."

"కంప్యూటర్‌కు ముక్కున్నదా?"

"లేదన్నా."

మళ్లీ కడిగారు, మళ్లీ సెంటు అట్ట. వాళ్లు కడిగినప్పుడల్లా లోపలున్న సరుకుకు నీళ్లు అందుతున్నాయని అప్పుడు ఎవరికి తెలుసు! వాసన ఇంకా ముదిరింది. ఆ రోజు లావణ్య అరవలేదు, తిట్టలేదు. ఫోన్‌లో హైదరాబాద్ టికెట్లు చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. చేయని పాపానికి పెళ్లాం కళ్లలో దొంగనైపోయానని నిజంగా ఏడుపొచ్చింది నాకు.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, నిండు హాలులో గొంతెత్తాను. "ముదీర్‌ను పిలువుండ్రి! ఫ్యాక్టరీల ఎవడో తాగి, మిగిలింది నా కార్ల పోసిండు! ఇయ్యాల్ల ఇప్పి సూడాలె, లేకుంటే కొత్త కారియ్యాలె, ఖలాస్!"

కాఫీ కప్పులు గాల్లోనే ఆగిపోయాయి. ముదీర్ అంటే ఇక్కడ మేనేజర్. ఆయనే వచ్చాడు. నెరిసిన గడ్డం, పెద్దమనిషి. కారు తలుపు తీసి ఓసారి పీల్చి, రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత నా వైపు చూసి ఇంకో అడుగు వెనక్కి వేశాడు. కంప్యూటర్ ఒప్పుకోకపోయినా ముదీర్ ఒప్పుకున్నాడు.

ఫిల్టర్ లాగి ట్రేలో పెట్టి తెచ్చారు. ఉబ్బి, నురగ కక్కుతున్న పసుపు బియ్యం. మధ్యలో కుళ్లిన బంతిపూల రెక్కలు. హాలంతా కల్లు మండువ అయిపోయింది.

ఇర్ఫాన్ వంగి చూశాడు. "అన్నా, ఇవి అక్షింతలు గదా? మా వీధి పెండ్లిండ్లలో చూసినా. దుబాయ్ వస్తువులు కావివి."

ముదీర్ అదేమిటని అడిగాడు. ఇర్ఫాన్ వివరించాడు. చేతులతో కొబ్బరికాయ కొట్టి, నీళ్లు పోసి, బియ్యం చల్లి మరీ చూపించాడు. ఎవరు పోశారని ముదీర్ మళ్లీ అడిగాడు. ఫ్యాక్టరీ మీదికి తోద్దామనుకున్నాను గానీ, ఏ ఫ్యాక్టరీలోనూ అక్షింతలు కలపరు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. నాది పోసుకున్నంత!

"నేనే," అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"ఇది వారంటీలో రాదన్నా," అన్నాడు ఇర్ఫాన్. వాడి ముఖంలో అంత ఆనందం అంతకుముందెప్పుడూ చూడలేదు.

లావణ్య ట్రే వైపు చూసింది, నా వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ అంది: "అయ్యో పాపం, మీరు తాగలే. కారుకు తాపిండ్రు!"

టికెట్ల మాట మళ్లీ రాలేదు. అల్ నహ్దాలో మాత్రం ఇప్పటికీ కొత్త కారు కొన్న ప్రతివాడూ పూజ ఎలా చేయకూడదో కనుక్కోవడానికి నా దగ్గరికే వస్తాడు.

అందుచేత సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎన్ని కార్లు కొన్నా, పది అడుగుల దూరంలో నిలబడి, ఖాళీ చేతులతోనే దండం పెడతాను. కాయ కొట్టక తప్పకపోతే, ఆ నీళ్లు చుక్క మిగల్చకుండా నేనే తాగుతాను, లావణ్య చూస్తుండగానే.