రెండు గంటలకు మోగిన సంగు

నేనింకా ముసలిదాన్ని కాలేదు గానీ, "మా కాలంలో" అని మొదలుపెట్టి ఎదుటివాళ్లను కూర్చోబెట్టే వయసు మాత్రం వచ్చేసింది. మా కాలంలో రాజపాళయంలో గడియారం ఇంటికి అలంకారం, అంతే. వేళ చెప్పేది మిల్లు సంగు. (షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌ని మేము సంగు అంటాం.) అది మోగితే మొగుళ్లు లేస్తారు, పాలు పొయ్యెక్కుతాయి, బడికి బయల్దేరని పిల్లలకు వీపు వాస్తుంది. చేతికో సెల్‌ఫోన్ వచ్చాక కూడా మా వీధిలో టైమెంత అని అడిగితే, "సంగు మోగిందా?" అని ఎదురు ప్రశ్నే వచ్చేది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇంత తెలిసీ, బి.కాం. ఫస్టు క్లాసులో పాసయ్యీ, నేను చేసిన ఘనకార్యం మీకు సరిగ్గా అర్థం కావాలని.

చదువు అవగానే మా పెదనాయన బ్యాండేజీ గుడ్డల గోడౌన్‌లో పనికి కూర్చున్నాను. కూర్చున్నానంటే నిజంగా కూర్చోవడమే, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో. టీ చెప్పడం, సత్రపట్టి నుంచి నేత సరుకు వస్తే "పెదనాయన వస్తా ఉండాడు" అనడం, ఇదే నా ఉద్యోగం. గోడౌన్ తాళంచెవుల గుత్తి పెదనాయన మొలతాడుకు వేలాడుతూ ఉండేది. ఆయన నడిస్తే గలగల, తుమ్మితే గలగల. స్నానానికి వెళ్లినా అది కూడా వెళ్లాల్సిందే. నా కన్నంతా దాని మీదే. జీతం పెంచమని ఏనాడూ అడగలేదు (అడిగినా పెంచేవారు కాదు, అది వేరే సంగతి). ఒక్క తాళంచెవి నా చేతికిస్తే చాలు, నేనూ ఈ గోడౌన్‌లో ఒక మనిషినేనని అందరూ ఒప్పుకుంటారని నా ఆశ.

ఇంతలో పక్క వీధిలో ఎవరో పట్టపగలే నీళ్ల మోటారు ఎత్తుకుపోయారు. ఇదే సమయమనుకుని నోరు తెరిచాను.

"పెదనాయనా, మనము అలారం పెడదాము."

"అలారం ఎందుకు? మన జమీందారు ఉండాడు గదా?"

జమీందారంటే మా కుక్క. మా ఊరి పేరున్న జాతి, తెల్లగా, పొడుగ్గా, మహా రోషం. ఆ రోషానికి తగ్గ పని మాత్రం ఎన్నడూ చేసిన పాపాన పోలేదు.

"దొంగ వస్తే లేచి దారి ఇస్తాడు మీ జమీందారు," అన్నాను.

పెదనాయన కాసేపు గుత్తి గలగలలాడించారు. "సరి పాపా. నువ్వే చూడు, నువ్వే పెట్టించు. అది ఒక తూరి పని చేసి చూపించిందంటే గోడౌన్ తాళం సావి నీ చేతిలో పెడతాను. లేదంటే మూట కట్టుకోని చోళపురం పో. మీ నాయన తోటలో కొబ్బరికాయలు ఎంచుకుంటా ఉండు."

కొబ్బరికాయల మధ్య నన్ను నేను ఊహించుకున్నాను. వెంటనే అలారాల అంగడికి ఫోన్ చేశాను.

అంగడి నుంచి అలారాలు బిగించే అన్న పెట్టె ఒకటి పట్టుకుని వచ్చాడు. "దీంట్లో నాలుగు రకాల సత్తం ఉండాది. మీకు ఏది పిడిస్తే అది పెట్టేది," అన్నాడు. (సత్తమంటే శబ్దం, పిడిస్తే అంటే నచ్చితే.) ఇంటిల్లిపాదీ పెళ్లిచూపులకు కూర్చున్నట్టు వరుసగా కూర్చున్నాం. మొదటిది ఆంబులెన్సు శబ్దం. పెదనాయన గుండె పట్టుకుని "ఎవురికిరా ఏమైనాది!" అని లేచి నిలబడ్డారు. అది వద్దనుకున్నాం. రెండోది ఆడగొంతు, ఇంగ్లీషులో అరుస్తుంది. పెద్దమ్మ మొహం చిట్లించి "ఎవురింటి పిల్ల ఇది? ఇంత గొంతు పెట్టుకోని అత్తగారింట్లో ఎట్లా నెగ్గుతాది?" అంది. అదీ పోయింది. మూడోది కుక్క అరుపు. జమీందారు లేచి ఆ పెట్టెను చూసింది, మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది, వెళ్లి గోడ వైపు మొహం తిప్పి పడుకుంది. ఆ పూట సద్ది కూడా ముట్టలేదు.

ఇక నాలుగోది. "ఊఁ..." అని లోతుగా మొదలై, పైకి లేచి, నిదానంగా సాగింది. అందరి మొహాలూ విప్పారాయి. "ఆ! ఇది మరియాదగా ఉండాది," అన్నారు పెదనాయన. "మన ఇంటి సత్తం మాదిరి ఉండాది," అంది పెద్దమ్మ. నాకైతే అప్పుడే కాఫీ తాగాలనిపించింది. ఎందుకు అంత నచ్చిందో, ఎక్కడ విన్నామో, ఎందుకు కాఫీ గుర్తొచ్చిందో మాలో ఒక్కరం, ఒక్కరమంటే ఒక్కరం ఆలోచించలేదు. పైగా "భలే ఎంచినావు పాపా" అని పెదనాయన మెచ్చుకుంటే గాల్లో తేలిపోయాను.

శుక్రవారం మంచి వేళ చూసి బిగించారు. కొత్త యంత్రం ఇంటికొస్తే మా పెద్దమ్మ ఊరుకోదు. నిమ్మకాయ కోసి, పెట్టెకు చందనం, కుంకుమ పెట్టి, మనిషి కదిలితే కనిపెట్టే ఆ గాజు కంటికి కూడా నిండుగా ఒక బొట్టు పెట్టింది. ఇంకేముంది, కన్ను మూసుకుపోయింది. పెదనాయన దాని ముందు నడిచారు, గెంతారు, తువ్వాలు ఊపారు, ఉలుకూ పలుకూ లేదు. బొట్టు తుడుస్తానంటే పెద్దమ్మ ఒప్పుకుంటుందా? చివరికి రాజీ పడి బొట్టును కంటికి కాస్త కిందికి దించాం. అప్పుడు గానీ అది పలకలేదు. ఇరుగుపొరుగుకు ఇబ్బందని, బిగించడానికొచ్చిన అన్న శబ్దం బాగా తగ్గించి చూపించి, తర్వాత పూర్తిగా పెంచి వెళ్లాడు. (ఆ రోజే దాన్ని పూర్తి గొంతుతో విని ఉంటే ఈ కథే లేదు.)

కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, రెండు గంటల వేళ. గోడౌన్ మా ఇంటి వెనకే. దానికి తాళం వేసి, భోంచేసి, అందరం నడుం వాల్చాం. సంగు మోగింది. అప్పుడే మూడైందా అనుకుంటూ లేచి, మొహం కడుక్కుని, అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవడం మొదలుపెట్టాను. పెద్దమ్మ కాఫీకి పాలు పెట్టింది. పెదనాయన చేతి గడియారం చూసి, "దరిద్రపుది, ఒక గంట వెనక పోతా ఉండాది" అని ముల్లు ముందుకు తిప్పారు. అలారం నుంచి ఆయన సెల్‌కు కాల్ కూడా వచ్చింది. లోన్ కావాలా అని అడిగే పిల్లనుకుని "వద్దమ్మా" అని పెట్టేశారు. ఎదురింటి మిల్లు మామ ఒక చేతికి చొక్కా తొడుక్కుని, రెండో చేత్తో చెప్పులు పట్టుకుని, బస్సు కోసం పరుగెత్తాడు.

పాలు పొంగాయి, సంగు ఆగలేదు. పెద్దమ్మ వంటింట్లోంచి తల బయట పెట్టింది.

"ఏమే, ఈ పొద్దు సంగు ఊపిరి తీసుకోకుండా మోగతా ఉండాదే?"

నా చేతిలో దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. "అయ్యో పెదనాయనా! అది మనదే!" అని కేకపెట్టి, దువ్వెనతో సహా పరుగెత్తాను. గోడవైపు పడుకున్న జమీందారు ఒక చెవి ఎత్తి, మళ్లీ దించింది.

గోడౌన్ వెనక తలుపు తాళం పగిలి కింద పడి ఉంది. గడప దగ్గర బ్యాండేజీ గుడ్డల మూటలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. దొంగ లేడు. మెట్టు మీద ఒక స్టీలు తూక్కు ఉంది, మిల్లుకు అన్నం తీసుకెళ్లే టిఫిన్ క్యారియర్. పెద్దమ్మ మూత తీసింది. పెరుగన్నం, ఊరగాయ. అప్పుడు వెలిగింది మాకు. వాడూ మా ఊరి మిల్లువాడే! మూడు గంటల షిఫ్టుకు ముందు ఈ పని ముగించుకుందామని వచ్చి, సంగు వినగానే వేళ మించిపోయిందని అన్నీ వదిలేసి డ్యూటీకి పరుగెత్తాడు.

"పాపం, తినకనే పోయినాడే," అంది పెద్దమ్మ.

"పోలీసుకు చెబుదామా?" అన్నాను.

"ఏమి చెప్పేది? మన సొత్తు ఒకటీ పోలేదు, పైన ఒక తూక్కు వచ్చిండాది," అన్నారు పెదనాయన.

మిల్లు మామ గంట ముందే మిల్లు గేటుకు చేరి, నవ్వులపాలై తిరిగొచ్చి నన్ను నమిలి మింగేసేలా చూశాడు. మూడు గంటలకు అసలు సంగు మోగితే, మా వీధిలో ఒక్కరూ కదల్లేదు. "ఆ పాప అలారమే" అని పక్కకు తిరిగి పడుకున్నారు. సాయంత్రానికి వీధి వీధంతా మా వాకిట్లోనే ఉంది.

వాళ్లను పంపించాక మెల్లగా అడిగాను. "పెదనాయనా, అలారం పని చేసింది గదా. సావి..."

"అలారం పని చేసింది. నువ్వేమి చేసినావు? గోడౌన్‌లో దొంగ ఉంటే తల దువ్వుకునేదానికి సావి ఇచ్చేదా?"

గదిలోకి వెళ్లి చోళపురానికి బట్టలు సర్దుకున్నాను. ఏడుపొచ్చింది, నిజంగానే ఏడ్చాను. దొంగ మీద కంటే ఆ దువ్వెన మీదే నాకు ఎక్కువ కోపం.

పెద్దమ్మ మాత్రం తూక్కు తోమి తుడిచింది. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వడం మా ఇంట్లో లేదు. దొంగదైనా గిన్నె గిన్నే. అందుకని నిండా మురుకులు పెట్టి, వెనక మెట్టు మీదే ఉంచింది. పెదనాయన తల పట్టుకున్నారు గానీ, పెద్దమ్మతో వాదించే ధైర్యం ఆయనకెక్కడిది?

తెల్లారి నేను సంచి భుజానికి తగిలించుకుని వెనకవైపు వెళ్లి చూస్తే తూక్కు లేదు. దాని చోట ఒక కొత్త తాళం ఉంది. పగలగొట్టిన తాళానికి బదులన్నమాట. ఒక తాళంచెవి కూడా దానికే గుచ్చి ఉంది.

పెదనాయన ఆ తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "పూట్టుకు రెండు సావులు ఇస్తారు గదా అంగట్లో. ఇంకొకటి ఎవురి దగ్గర ఉండాదో చెప్పు పాపా?" అన్నారు. ఆయన నవ్వడం మొదలుపెడితే పొట్ట, దాంతో గుత్తి, గలగల ఆగలేదు. కళ్లు తుడుచుకుని నా భుజం మీది సంచి దించారు. "దొంగ పూట్టు గోడౌన్‌కు వేసేదానికి కాదు. వెనక వేస్టు పత్తి రూముకు వెయ్యి. సావి నీ దగ్గరే ఉండనీ."

అలా నా మొదటి తాళంచెవి నాకు ఒక దొంగ ఇచ్చాడు. ఇప్పుడు గుత్తి అంతా నా నడుముకే ఉంది. ఎర్ర కుర్చీలో పెదనాయన కూర్చుని అందరికీ టీ చెబుతుంటారు. అలారం శబ్దం ఎప్పుడో మార్చేశాం. వేస్టు రూముకు ఇప్పటికీ అదే తాళం, రెండో చెవి ఇప్పటికీ వాడి దగ్గరే ఉందేమో, ఇంతవరకూ అక్కడ పిడికెడు పత్తి పోలేదు. మధ్యాహ్నం మిల్లు సంగు మోగినప్పుడల్లా నా ఎడమ చెయ్యి గుత్తిని తడిమి చూసుకుంటుంది. కుడి చెయ్యి మాత్రం, ఎన్నేళ్లయినా బుద్ధి రాకుండా, దువ్వెన కోసమే వెతుకుతుంది.