రంజని పేరున్న డబ్బీ

వజ్రమ్మకు కోపమెక్కువని తిరుత్తణి ఆసుపత్రిలో అందరూ అంటారు. కోపం రాక ఏం చేస్తుంది మరి? ఇరవై రెండేళ్లుగా రోజూ తిరువళ్లూరు నుంచి రైల్లో వచ్చి, జనం రక్తమూ మూత్రమూ కఫమూ పరీక్షించి జబ్బు పేరు తేల్చే మనిషి ఆమె. గుండెల్లోంచి దగ్గి తీసిన గళ్ల తెమ్మంటే నోట్లో ఊరిన ఎంగిలి తెచ్చిస్తారు. అందులో ఏం కనబడుతుంది, వాళ్ల మొహం.

ఆరోజు మాత్రం డబ్బీలో చిక్కటి గళ్లే వచ్చింది. పైన రంజని అని పేరు. నేతపనివాళ్ల ఇంటి కోడలు, నెలరోజులుగా దగ్గుతోంది. వజ్రమ్మ గాజు పలక మీద పూసి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసింది. నీలం మీద సన్నటి ఎర్ర పుల్లలు. క్షయ. రిపోర్టు రాయబోతూ డబ్బీ మూత బిగించడానికి చేతిలోకి తీసుకుంది. అడుగున వక్క తునక, తమలపాకు ఎరుపు. నిన్న డబ్బీ తీసుకెళ్లిన రంజని పళ్లు తెల్లగా ఉన్నాయి.

వజ్రమ్మకు ఒళ్లు మండిపోయింది. డబ్బీ తెచ్చిన అత్త పచ్చయమ్మ వరండాలో మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె నోరు ఎర్రగా పండి ఉంది.

"దీంట్లో ఎవురు ఉమ్మినారక్కా?"

"కోడలే, మేడమ్."

"ఏదీ, నీ నోరు చూపించు."

పచ్చయమ్మ తల దించింది. "నేనే. ఆ పిల్లకి ఆ జబ్బని రాస్తే వీధిలో తలెత్తుకోలేము. నాదిస్తే ఏమీ లేదని వస్తాది కదా అని."

"నువ్వు దగ్గవా?"

"దగ్గుతా. మగ్గం దుమ్ము. ఏండ్లుగా ఉండేదే."

"బుద్ధుండాదా నీకు? నేను గుడ్డిగా సంతకం పెట్టింటే ఆర్నెల్లు నీ మాత్రలు ఆ పిల్ల మింగేది, నువ్వు ఇల్లంతా దగ్గుకుంటా తిరిగేదానివి. జబ్బుండేది నీకక్కా."

పచ్చయమ్మ మనవరాలి వైపు చూసింది.

"పాప రోజూ నా పక్కలోనే పండుకుంటాది" అంది. ఒళ్లోని పిల్లను ఎత్తి బెంచీ ఆ చివర కూర్చోబెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల నవ్వుతూ మళ్లీ ఆమె ఒళ్లోకే పాకింది.

వజ్రమ్మ వంగి పిల్లను చంకనేసుకుంది. కోపం ఏమాత్రం తగ్గలేదు.

"రేపు కోడల్ని పిల్చుకుని రా. పాపకీ పరీక్ష చేయల్ల. ఈసారి ఎవురి డబ్బీలో వాళ్లు, నా కండ్ల ముందరే."