పరంజ్యోతి మాస్టారి డైరీకి సుందరరాజు కుట్టిన మూత

సుందరరాజుకు మర్యాదలు తెలియవు. బురద చెప్పు తెచ్చి కుట్టమంటే, "ముందు కడుక్కోని రాపో" అని మొహమ్మీదే అనేవాడు. ఆళ్లగడ్డ బస్టాండు గోడ పక్కన అతని గోనెపట్టా, దానికి రెండడుగుల్లో నా గడియారాల కొట్టు. పదకొండేళ్లు పోట్లాడుకుంటూనే బతికాం. అతన్ని గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నాకే కడుపు మండి రాస్తున్నాను.

తొంభై ఎనిమిదిలో పరంజ్యోతి మాస్టారికి బావమరిది కువైట్ నుంచి డిజిటల్ డైరీ తెచ్చాడు. అరచేతిలో పట్టే మిషను. ఫోను నంబర్లు, పుట్టినరోజులు అన్నీ అందులోనే. దాని ప్లాస్టిక్ మూత నెల తిరక్కుండానే విరిగింది. ఇక జేబులో మీటలు వాటంతటవే నొక్కుకుపోవడం, క్లాసులో కీచుమనడం, సెల్లు అయిపోవడం. సెల్లు మార్చిన ప్రతిసారీ నేను మిషను వెనక డొప్ప లోపల సూదితో తేదీ వేసి, పక్కన నా పేరుకు గుర్తుగా "రం" అని గీసేవాణ్ణి. మళ్లీ వస్తే ఎప్పుడు మార్చామో తెలియాలి కదా, అది మా పనివాళ్ల అలవాటు.

"రంగన్నకు బేరం, మీకు దండగ సార్. ఇట్లియ్యండి" అని సుందరరాజు దాన్ని లాక్కున్నాడు. మేకతోలుతో పైకి తెరుచుకునే మూత కుట్టాడు. లోపల అట్ట, అంచుకు ఎర్రదారం, కింద టిచ్ బటన్. మూత వేశాక జేబులో ఎంత ఒత్తిడి పడ్డా మీట నొక్కుకోదు. మాస్టారు ఆ రోజంతా కనిపించినవాడికల్లా టప్‌మని తెరిచి, టప్‌మని మూసి చూపించారు. నాకు ఒళ్లు మండింది. సెల్లు బేరం పోయింది మరి!

మరుసటి ఏడు ఎన్నికల డ్యూటీలో మాస్టారు, దొంగ ఓట్లు గుద్దుకోవడానికి వచ్చినవాళ్ల పేర్లు కాగితం మీద పెట్టారు. మూడు వారాలకు కోయిలకుంట్ల రోడ్డులో ఆయన స్కూటరు మీద బాంబులు వేశారు. కిందపడ్డ మనిషిని వేటకొడవళ్లతో నరికారు. ఒక చెయ్యి శనగచేలో దొరికింది. జేబులో ఉండాల్సిన డైరీ మాత్రం దొరకలేదు.

పది రోజులకు, పట్టపగలు ఓబులేసు ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు. ఊళ్లో ఒక పెద్దమనిషి వెనక తిరిగేవాడు. "మూత తెగింది, కుట్టు" అని డైరీని సుందరరాజు ముందు పారేశాడు. ఆ మూత ఎవరు కుట్టారో వాడికి తెలియదు. తెలిసినా లెక్కచేసే రకం కాదు. తోలు మీద అడ్డంగా గాటు. ఎర్రదారం అక్కడక్కడ నల్లబడింది.

సరేనని తీసుకుని, వాడు పోయాక పోలీసులకు చెప్పొచ్చు కదా! ఆ తెలివే ఉంటే అతను సుందరరాజెందుకవుతాడు?

"ఇది మా సార్‌ది. నేను కుట్టిందే. నీ సేతికెట్లొచ్చెరా?"

"నోర్మూసుకోని ఇయ్యి."

"ఇయ్యను. సంపింది మీరేనన్నమాట."

ఓబులేసు బూటుకాలితో మూతి మీద తన్నాడు. పళ్లు రాలాయి. వెంట వచ్చిన ఇద్దరూ కలబడ్డారు. సుందరరాజు డైరీని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడిపోయాడు. చెప్పులు కొట్టే ఇనుప దిమ్మె తీసుకుని అతని కుడిచేతి మీదే కొట్టారు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను షట్టరు సగం దించుకుని లోపల కూర్చున్నాను. బస్టాండు కానిస్టేబుళ్లు వచ్చి ఓబులేసును పట్టుకునేదాకా అతను డైరీని వదల్లేదు.

రెండు వేల రెండులో నంద్యాల కోర్టులో విచారణ. "తోలు మూత ఏ మిషనుకైనా తొడగొచ్చు" అన్నాడు వాళ్ల లాయరు. లోపలి నంబర్లు సెల్లు అయిపోగానే చెరిగిపోయాయి. మిషను మాస్టారిదేనని తేల్చాల్సింది ఇక డొప్పలోని నా గీతే. ముందురోజు ఇద్దరు మనుషులు మా ఇంటికొచ్చి, మంచినీళ్లడిగి తాగి, నా కూతుళ్లు ఏ బడికి పోతారో కనుక్కుని వెళ్లారు.

బోనెక్కి, "ఆ గీత నాది కాదు సార్" అన్నాను.

తర్వాత సుందరరాజును పిలిచారు. "రంగయ్య గీయడం నువ్వు చూశావా?" అని సర్కారు లాయరు అడిగాడు. ప్రతిసారీ చూశాడు, ఎగతాళి కూడా చేశాడు. నా మొహం వంక ఒకసారి చూసి, వేళ్లు వంగని ఆ చేతిని బోను కర్ర మీద పెట్టి, "సూల్లేదు సామీ" అన్నాడు.

తీర్పు రోజు కేసు కొట్టేశారు. గేటు బయట ఓబులేసు మనుషులు పటాసులు కాల్చారు. సుందరరాజును జుట్టు పట్టి ఈడ్చి, మిగిలిన ఎడమచేతిని రాయి మీద పెట్టి తొక్కారు. అప్పుడు, ఛీ నా బతుకు, అప్పుడొచ్చింది నాకు గొంతు. "ఆ గీత నాదేరా! మిషను మాస్టారిదే! నేనే అబద్ధం చెప్పినా!" అని నడిరోడ్డులో అరిచాను.

ఓబులేసు పగలబడి నవ్వాడు. "లోపల సెప్పల్ల గదప్పా. ఈడ సెప్తే ఎవురికి?" అన్నాడు. నన్ను ముట్టుకోను కూడా లేదు.

సుందరరాజును ఆటోలోకి ఎత్తాను. రెండు చేతులూ ఒళ్లో వేసుకుని, నోటినిండా రక్తంతో నన్నే తిట్టాడు. "ఎందుకరిసినావు రంగన్నా, బుద్ధుండాదా నీకు? ఇంట్లో ఆడబిడ్డలుండారు గదా! అందుకే గదా నేను సూల్లేదంటి."