మంచి లెన్సు, మసక చుట్టాలు

సిద్దిపేటలో చాయ్ కప్పులు ఏటికేడు చిన్నవైపోతున్నాయి. ఇంకో రెండేళ్లు పోతే పోలియో చుక్కల్లా నాలుక మీద వేసి పంపిస్తారని నా అనుమానం. అలాంటి కప్పొకటి ముందు పెట్టుకుని, ఫోటో స్టూడియో నడిపే దోస్తును అతని కొత్త కెమెరా ఒక్కరోజుకు ఇమ్మని బతిమాలాను. కప్పు చిన్నది కాబట్టి బతిమాలడం కూడా తొందరగానే ముగించాల్సి వచ్చింది. ఇచ్చాడు.

చిన్నకోడూరులో ఒకరింట్లో చిన్నమ్మాయి ఓణీల ఫంక్షన్. సొంతంగా నాకు దొరికిన మొదటి పని అది. వీడియో నచ్చితే వచ్చే నెల పెద్దమ్మాయి పెండ్లి కూడా నీదేనని తండ్రి మాటిచ్చాడు. ఆ పెండ్లి దొరికితే ఇంట్లో నన్ను వీడియోగ్రాఫర్ అంటారు. అప్పటిదాకా 'ఖాళీగున్నడు' అనే అంటారు.

నా పాత కెమెరా ముందున్న మనిషినీ, వెనకున్న కూలర్‌నూ ఒకే గౌరవంతో చూసేది. కొత్తదాంట్లో పిల్ల కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వెనకున్నదంతా మసకబారి వెన్నలా కరిగిపోయింది. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను కనుక అదెందుకు కరుగుతుందో నాకు తెలుసు. కరగకూడదని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. చుట్టాలు వరసగా వచ్చి అక్షింతలు వేస్తుంటే ఫోకస్ పిల్ల ముఖం మీదే ఉంచాను. వేసిన చేతులు చాలా బాగా వచ్చాయి.

వారం తర్వాత వాళ్ల టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాను. సినిమా లెక్క ఉన్నదని తండ్రి మెచ్చుకున్నాడు. నేను వినయంగా తల దించుకున్నాను, మరీ కిందికి కాదు. ఆ తర్వాత విచారణ మొదలైంది. మా దగ్గర ఫంక్షన్ వీడియో అంటే హాజరుపట్టీ. ఎవరొచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, వచ్చి ఎవరు ముఖం మాడ్చుకున్నారు, అన్నిటికీ అదే సాక్ష్యం. తెరమీద నీలం మసక ఒకటి కనిపిస్తే అది కొండపాక మేనమామ అని పిల్ల తల్లి, కాదు కూలరని మేనత్త. ఇద్దరూ పట్టు విడవలేదు.

పెద్ద పెద్ద సినిమాల్లో ఇట్లాగే తీస్తారని నేను వివరించాను. తండ్రి తల ఊపాడు గానీ, పెద్దమ్మాయి పెండ్లి మాట ఎత్తలేదు.

ఫంక్షన్ సాంతం పిల్ల వెనకాల కుర్చీలో కదలకుండా కూర్చున్న నాయనమ్మ టీవీ దగ్గరికి జరిగింది. చీర రంగును బట్టి తనను తాను గుర్తుపట్టింది. కాసేపు చూసి, నావైపు తిరిగింది.

"నేనింకా బతికే ఉన్న గద బిడ్డా. గప్పుడే నన్ను పొగ జేసినవేంది?"