నాలుగు తొడుగుల కారు

మా పెదనాన్న కారుకు నాలుగు తొడుగులు. నాలుగూ నేనే కుట్టాను. ఎండకొకటి, వానకొకటి, దుమ్ముకొకటి, ఊరికే ఉన్నప్పుడు ఒకటి. ఆ కారు ఎక్కువగా ఊరికే ఉండేది కాబట్టి నాలుగోది తొందరగా చిరిగింది.

తొమ్మిదో తరగతిలో చదువు ఆగాక పెద్దమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాను. వంటింటికీ స్నానాలగదికీ మధ్య నడవాలో మా రెండు మిషన్లు. ఎవరు స్నానానికి వెళ్ళాలన్నా నేను లేచి నిలబడాలి. కారుకు మాత్రం ఇంటి పక్కన రేకుల షెడ్డు, సిమెంటు నేల, రెండు కిటికీలు, ఫ్యాను. కారుకు ఫ్యాను ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. పెద్దమ్మ అడిగింది.

"ఇంజనుకి ఉక్కపోస్తుంది. నీకేం తెలుసు?" అన్నాడాయన.

పెదనాన్న నీటిసరఫరా ఆఫీసులో పంపులు చూసి రిటైరయ్యాడు. ఆయన చూసినన్నాళ్ళూ ఆ పంపులు కారుతూనే ఉండేవి. శ్రద్ధంతా ఇంటికోసం దాచుకున్నాడు. కారు కొన్న పన్నెండేళ్ళలో సీట్ల మీది ప్లాస్టిక్కు తీయలేదు. పెద్దమ్మ ఎక్కితే కాళ్ళ కింద పాత పేపరు పరిచేవాడు. ఆవిడ దిగాక దాన్ని దులిపి, మడిచి దాచేవాడు.

ఈ ఏడాది కళ్ళ డాక్టరు బండి నడపొద్దని తేల్చేశాడు. ఆ సాయంత్రమే పెద్దమ్మ టేపు పట్టుకెళ్ళి షెడ్డు కొలిచింది.

"స్కూలు బట్టల ఆర్డరు వచ్చేలోగా అమ్మెయ్యండి. లేదంటే మిషను తెచ్చి మీ కారులోనే పెట్టుకుంటా."

మిషను మాట వినగానే ఆయన దిగొచ్చాడు. కానీ ఒక్క షరతు. కొనేవాళ్ళు మా కాలనీలోనే ఉండాలి, కారు ఆయన కళ్ళెదుటే తిరగాలి.

చిక్కంతా అక్కడే. కాలనీలో అందరికీ కారు తెలుసు, ఆయనా తెలుసు. ఎవరి స్కూటరు షెడ్డుకు మూరెడు దూరంలో ఆగినా బయటికొచ్చి దగ్గేవాడు.

"కారు బంగారమే, కాదనం. దాంతోపాటు ఆయనా వస్తే ఎక్కడ పెట్టుకోవాలమ్మా?" అని కూరల బండి దగ్గర ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

మొదట ఎదురింటి కంపౌండరు వచ్చాడు. పెదనాన్న చెప్పులు విప్పించి మరీ కారులో కూర్చోబెట్టాడు.

"తలుపు అలా వెయ్యకూడదు నాయనా. పసిపిల్లని పడుకోబెట్టినట్టు దగ్గరికి చేర్చాలి."

"పిల్లలు లోపల బిస్కెట్లు తినొచ్చాండీ?"

"ఇంట్లో తినిపించి ఎక్కించు."

కంపౌండరు చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్ళిపోయాడు.

ఇంతలో ఆర్డరు తానులు దిగాయి. అవి మంచమెక్కాయి, నేనూ పెద్దమ్మా నేలమీదికి వచ్చాం. మర్నాడు పెద్దమ్మ ఎవరికీ చెప్పకుండా వీధి చివర బ్రెడ్డు దుకాణం ఆవిడను పిలిచింది. ఆవిడ వస్తూనే ముందు సీటు ప్లాస్టిక్కు కొస పట్టుకుని చర్రున లాగేసింది.

"అమ్మా! అమ్మా! ఏం పని అది!"

"సీటు చూడాలిగా బాబాయిగారూ. అబ్బ, కొత్తదే! దీనిమీద ఇన్నాళ్ళూ ఎవరూ కూర్చోలేదా?"

"కూర్చున్నాం. ప్లాస్టిక్కు మీద."

"పిన్నిగారి నడుం నొప్పి ఎందుకో ఇప్పుడు తెలిసింది."

పెద్దమ్మ ఆ సీటులో కూర్చుని వెనక్కి వాలింది. "మెత్తగా ఉందండీ," అంది. పన్నెండేళ్ళ తర్వాత. పెదనాన్న అటే చూశాడు. చూసింది పెద్దమ్మనో, నలుగుతున్న సీటునో నేను పోల్చుకోలేకపోయాను.

"మరి ఎక్కడ పెడతావమ్మా?" అన్నాడు చివరికి.

"దుకాణం ముందే, రోడ్డు మీద. చూడ్డానికి వస్తే మాత్రం గుడ్డ తెచ్చుకోండి, తుడిచి వెళ్దురుగాని."

అది ఎగతాళని పెద్దమ్మకు తెలుసు, నాకు తెలుసు. పెదనాన్నకు మాత్రం వరంలా వినిపించింది. తాళం ఇచ్చేశాడు. తొడుగులు ఆవిడ వద్దంది.

ఆ సాయంత్రమే మిషన్లు షెడ్డులో చేరాయి. ఫ్యాను గాలి అంత చల్లగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి నా మిషనుకు చిరిగిన నాలుగో తొడుగు తొడిగి, తాడు బిగించి కట్టి ఉంది. కింద పాత పేపరు. పెదనాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"రోజుకి గంటకన్నా ఎక్కువ తొక్కకమ్మా. అరిగిపోతుంది."

కుట్టాల్సిన చొక్కాలు మూడొందలు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ తాడు విప్పి, తొడుగు మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"బ్రెడ్డు దుకాణం ముందు కారు మీద కాకి కూర్చుందట," అంది.

ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.